కూడి పాడు విద్య

సంగీత కళాశాలలో చదువు ముగించిన విద్యార్థి చేతికి వచ్చు యోగ్యతాపత్రమునందు ఒకే పేరుండును. ఆ విద్యార్థి రేపు కూర్చుండబోవు కచేరి వేదికపై మాత్రము ఏనాడును ఒక్కడే యుండడు. గాయకునకు ఎడమవైపున ఫిడేలు, కుడివైపున మృదంగము, వెనుక తంబుర. వీలున్నచో ఘటమో కంజీరయో తోడగును. ఇందరు కూడినగాని అది కచేరి యనిపించుకొనదు. తంబుర మీటువాని మనస్సు ఒక్క క్షణము చెదరినను గాయకుని శ్రమయంతయు వృథా యగును. పత్రమునందు ఒకరి పేరు, వేదికపై అయిదుగురి పని. ఈ రెంటి నడుమ నున్న యెడమును పూరించు విద్య యేది? దానిని ఎవరు నేర్పవలెను? ఎట్లు నేర్పవలెను?

చెన్నపట్టణమువంటి సంగీత క్షేత్రమున పెరిగిన విద్యార్థిని ఈ ప్రశ్న అంతగా బాధింపదు. సాయంకాలము నాలుగు సభలు తిరిగి వినుటవలననే అతనికి కొంత పట్టుబడును. నంద్యాల, ఆళ్లగడ్డ వంటి ఊళ్లలో పెరుగు పిల్లలకు ఈ సౌకర్యము లేదు. ఇంటియొద్ద గురువు దొరికి గాత్రము నేర్చుకొన్న బాలికకు ఫిడేలు తోడు దొరకుట కష్టము. మృదంగము నేర్చిన బాలునకు పాడువారు దొరకుట కష్టము. ఇద్దరును వేర్వేరు వీధులలో, ఒకరికొకరు వినబడకుండ, ఒంటరిగా సాధన చేయుచుందురు. సంగీతమే ప్రధాన విద్యగా చదువగోరినవారు సాధారణముగా కర్నూలు శారదా సంగీత కళాశాలకో, తిరుపతికో ప్రయాణము కట్టవలెను. ఆళ్లగడ్డ నుండి ఉత్తరముగా పోవు రహదారి నంద్యాల మీదుగా కర్నూలు చేర్చును. దక్షిణముగా పోవునది కడప మీదుగా తిరుపతి త్రోవ పట్టించును. ఏ దిక్కునకు పోయినను ఆ విద్యార్థి కోరునది ఒక్కటే: తన విద్యను పదుగురి విద్యతో కలుపుకొను అవకాశము.

కూడి పాడుటను, కూడి వాయించుటను విశ్వవిద్యాలయములు ప్రత్యేక బోధనాంశముగా గుర్తించి, ఒక క్రమము ప్రకారము నేర్పవలెను. ఈ మాట విదేశముల నుండి తెచ్చుకొన్నది కాదు. సంగీత శాస్త్రమునందును ఇది యున్నది. నంద్యాల సీమ పల్లెల ఆచారమునందును ఉన్నది.

మేళమే మొదటి పాఠశాల

నంద్యాల చుట్టును నవనందులు; ఆళ్లగడ్డకు తూర్పున నల్లమల కొండలలో అహోబిలము. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాకు ఈ క్షేత్రములే మకుటములు. మహానందిలో శివరాత్రి యైనను, అహోబిలమున ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవమైనను, మంగళవాద్యము మ్రోగనిదే ఉత్సవము సాగదు. కనుమ పండుగనాడు మొదలగు పారువేట యందు అహోబిల నారసింహుని ఉత్సవమూర్తులు పల్లకినెక్కి, సుమారు 40 దినములపాటు, ఆళ్లగడ్డ ప్రాంతమునందలి 30కి మించిన గ్రామములలో సంచరించును. తన కళ్యాణమునకు రమ్మని పిలుచుటకై స్వామి స్వయముగా తమ ఊరికి వచ్చునని ప్రజల విశ్వాసము. ఊరేగింపులతోను, పెండ్లిండ్లతోను ఈ సీమలో తరతరములుగా పెనవేసికొన్నది సన్నాయి మేళము.

మేళమునందు సామాన్యముగా ఇద్దరు సన్నాయి వాయింతురు. ఇద్దరు డోలు వాయింతురు. ఒకరు తాళము వేయుదురు. ఒకరు శ్రుతి పట్టుదురు. శ్రుతి యూదువాడు ఆరంభము నుండి మంగళము దాక ఒకే స్వరమును నిలుపవలెను. బుగ్గలయందు గాలి నిలుపుకొని, ముక్కుతో ఊపిరి పీల్చుకొనుచు, నాదము తెగకుండ ఊదుట మాటలతో వచ్చు పని కాదు. ఊరివారు పెద్ద సన్నాయి విద్వాంసుని పేరు అడిగి తెలిసికొందురు. శ్రుతి పట్టినవాని పేరు ఎవరును అడుగరు. కాని అతడు ఆగినచో మేళమునకు ఆధారమే పోవును.

మేళగాండ్ర యిండ్లలో పుట్టిన పిల్లవాడు మొదట తాళమో, శ్రుతియో చేపట్టుట పరిపాటి. కొన్ని సంవత్సరములపాటు పెద్దల నడుమ కూర్చుండి, వారి వాద్యమును చెవులార విని, ఆ పిమ్మట రెండవ సన్నాయికో రెండవ డోలుకో ఎదుగును. అనగా ముందుగా ఇతరులను వినుట నేర్చి, తరువాత తన పలుకు పలుకుట. శ్రుతిపెట్టె వాడుకలోనికి వచ్చిన పిదప శ్రుతి యూదు మనిషి అనేక మేళములలో కనబడుట లేదు. దానివలన మేళమునకు ఖర్చు తగ్గినది. ఎదుగు పిల్లవానికి మొదటి పాఠము కూడ తగ్గినది.

ఇద్దరు సన్నాయి విద్వాంసులు జంటగా వాయించునపుడు ఒక విశేషము గమనింపదగినది. ఒకరు ఊపిరి తీసికొను క్షణమున రెండవవారు స్వరమును నిలుపుదురు. వినువారికి తెంపు తెలియదు. ఈ యేర్పాటు ఏ కాగితముమీదను వ్రాసి యుండదు. ప్రక్కవాని ఊపిరి ఎప్పుడు ముగియునో తనకు ముందుగా తెలిసి యుండవలెను. ఆ తెలివి కలుగుటకు సంవత్సరముల సహవాసము కావలెను.

అహోబిలమునకు పాటతో ఇంకొక సంబంధము కలదు. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) అహోబిల మఠమునకు మొదటి పీఠాధిపతులైన ఆదివన్ శఠకోప యతుల సన్నిధిని వేదాంతము చదివిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ వాగ్గేయకారుని సంకీర్తనలలో ప్రతి చరణము చివరను పల్లవి మరల వచ్చును. ఒకరు చరణము పాడుచుండ పదుగురు పల్లవి నందుకొనుటకు ఈ కూర్పు మిక్కిలి అనువైనది. భజన గోష్ఠులలో నేటికిని జరుగునది ఇదియే. రాయలసీమ పల్లెలలోని చెక్కభజనను చూచినవారికి ఇంకొక సంగతి తెలియును. చేతిలో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, నోట పాట, నడుమ గురువు. అడుగు తప్పినవాడు ఆగిపోడు. ప్రక్కవాని పాదము చూచి తన పాదము సరిచేసికొనును. పల్లెవారు దీనిని గొప్ప విద్యగా చెప్పుకొనరు. శాస్త్రకారుడు మాత్రము దీనిని గుర్తించి, ఒక గుణముగా పేర్కొన్నాడు.

శాస్త్రము చెప్పిన ఆరు గుణములు

భరతుడు నాట్యశాస్త్రమునందు గాయక వాదకుల సమూహమును కుతపమని వ్యవహరించెను. గాయకులు, వీణలవారు, వేణువాదకులు ఒక కుతపము. మృదంగము మొదలగు చర్మవాద్యములవారు మరియొక కుతపము. గానము, వాద్యము, నాట్యము అను మూడును వేర్వేరు మనుష్యుల నాశ్రయించి యున్నను, ప్రయోక్తలు వానిని అలాతచక్రమువలె చేయవలెనని ఆయన విధించెను. అలాతమనగా కొరవి. కొరవిని చేతబట్టి వేగముగ త్రిప్పినచో కంటికి విడివిడి నిప్పుకణములు కనబడవు. ఒక్క వలయము కనబడును. సమష్టి సంగీతమునకు ఇంతకంటె చక్కని ఉపమానము దొరకుట యరుదు.

13వ శతాబ్దమున దేవగిరి యాదవ ప్రభువైన సింఘణుని ఆశ్రయమున నున్న శార్ఙ్గదేవుడు ఈ విషయమును సంగీత రత్నాకరమున అంకెలతో సహా నిరూపించెను. గాయక వాదకుల కూటమికి ఆయన వాడిన పేరు వృందము. ఉత్తమ వృందమునందు 4గురు ముఖ్య గాయకులు, 8 మంది సమ గాయకులు, 12 మంది గాయనులు, 4గురు వేణువాదకులు, 4గురు మార్దంగికులు, మొత్తము 32 మంది యుందురు. ఇందులో సగము గలది మధ్యమ వృందము. ఉత్తమ వృందమునకు మించి జనము చేరినచో దానికి కోలాహలమని పేరు. మితిమీరిన గుంపుపై శాస్త్రకారుని అభిప్రాయము ఆ పేరులోనే యున్నది. ఈ గ్రంథమునకు తెలుగువారితో చుట్టరికము కలదు. రాచకొండ నేలిన రేచర్ల సింగభూపాలుని పేర ప్రసిద్ధమైన సంగీత సుధాకరమును, విజయనగర కాలమున కల్లినాథుడు రచించిన కళానిధియు దీనికి ప్రఖ్యాత వ్యాఖ్యలు.

వృందమునకు శార్ఙ్గదేవుడు ఆరు గుణములు చెప్పినాడు. మొదటిది ముఖ్యానువృత్తి: ప్రధాన గాయకుని అనుసరించుట. రెండవది మిళనము: గొంతులును వాద్యములును ఒకదానిలో ఒకటి కలిసిపోవుట. మూడవది తాళ లయలను తప్పక అనుసరించుట. నాల్గవది మిథస్త్రుటిత నిర్వాహము: ఒకరి వద్ద తెగినదానిని మరియొకరు అందుకొని నిర్వహించుట. అయిదవది మంద్ర మధ్య తారములనెడు మూడు స్థానములను వ్యాపించు శక్తి. ఆరవది శబ్ద సాదృశ్యము: నాదములు ఒకదానికొకటి పోలియుండుట.

ఈ ఆరింటిలో నాల్గవ గుణము మిక్కిలి యోచింపదగినది. తాళజ్ఞానమును, స్థాయిని ఒక్కొక్క విద్యార్థిని విడిగా కూర్చుండబెట్టి పరీక్షింపవచ్చును. తెగినదానిని అతుకు గుణమును అట్లు పరీక్షింప వీలులేదు. ఒంటరివానియందు అది యుండనే యుండదు. శాస్త్రకారుడు తప్పే జరుగదని చెప్పలేదు. తప్పు జరుగునని ఒప్పుకొని, జరిగినపుడు తోటివాని ధర్మమేమో చెప్పినాడు. ప్రక్కవాని ఊపిరి యందుకొను సన్నాయివాడును, తడబడినవానికి అడుగు చూపు చెక్కభజన తోడివాడును ఈ ధర్మమునే పాటించుచున్నారు.

కచేరిలో ఈ ధర్మము ఎట్లు పనిచేయునో విద్యార్థులు గమనింపవలెను. గాయకుడు రాగాలాపన చేయుచుండగా ఫిడేలు విద్వాంసుడు ఒక్క క్షణము వెనుకగా అతని నాదమును నీడవలె వెంబడించును. గాయకుడు ఆగినచోట తాను నాదమును నిలుపును. స్వరకల్పనలో గాయకుడు ఎత్తుగడకు అర అక్షరము ముందుగనో వెనుకగనో వచ్చినచో, మంచి మార్దంగికుడు సమమును మెల్లగా సూచించి అతనిని దారికి తెచ్చును. సభలోనివారికి ఆ సంగతి తెలియనే తెలియదు. తని ఆవర్తనమున మృదంగమును ఘటమును వంతులు వేసికొని మొదట రెండేసి ఆవర్తములు, పిమ్మట ఒక్కొక్క ఆవర్తము, తరువాత సగము, ఆ తరువాత పాతిక వాయించి, చివర కలిసి ముక్తాయింపుతో పల్లవి ఎత్తుగడపై దిగుదురు. రెండవవాడు మొదటివాని జతిని విని, అదే నడకలో ప్రత్యుత్తర మీయవలెను. వినని వాడు ఎంత వేగముగ వాయించినను అది ప్రత్యుత్తరము కాదు.

కళాశాలలు చేసిన మేలు, మరచిన పని

తెలుగునాట సంగీతము కళాశాలలోనికి వచ్చి నూరేండ్లు దాటినది. విజయనగరమున మహారాజు విజయరామ గజపతి 1919లో గాన పాఠశాల నెలకొల్పిరి. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షులు. 1936లో ద్వారం వేంకటస్వామి నాయుడు ఆ స్థానమును అలంకరించిరి. 1929లో చిదంబరమున నెలకొన్న సంగీత కళాశాల పిదప అన్నామలై విశ్వవిద్యాలయమున భాగమైనది. 1959లో తిరుమల తిరుపతి దేవస్థానము తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలను స్థాపించినది. నాదస్వరమునకును డోలునకును అచ్చట ప్రత్యేక పాఠశాలయు కలదు. 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమున సంగీతమును స్నాతకోత్తర స్థాయిలో చదువవచ్చును.

ఈ సంస్థలు చేసిన మేలు సామాన్యమైనది కాదు. గురువు ఇంట చోటు దొరకనివారికి, సంగీత కుటుంబములలో పుట్టనివారికి, ముఖ్యముగా స్త్రీలకు ఇవి తలుపులు తెరచినవి. ఏ కులమువారైనను రుసుము కట్టి కూర్చుండి చదువుకొను హక్కు కళాశాల ఇచ్చినదే. కాని ఇల్లు విడిచి కళాశాలకు వచ్చుచు విద్య ఒక వస్తువును దారిలో జారవిడిచినది. ప్రభుత్వ సంగీత కళాశాలలలో సర్టిఫికెట్టు 4 సంవత్సరములు, ఆపై డిప్లొమా 2 సంవత్సరములు. గాత్రమునకు ఒక గది, వీణకు ఒక గది, మృదంగమునకు ఒక గది. ప్రయోగ పరీక్షయందు ప్రతి విద్యార్థికి విడిగా అంకెలు వేయుదురు. అంకెలు వేయుట సులభమగునట్లు చదువు కూడ విడివిడిగా సాగుట సహజము. గదుల నడుమ నున్న గోడలను దాటి విద్యార్థులు కూడి సాధన చేయుట గురువుల శ్రద్ధపైనను, విద్యార్థుల స్నేహముపైనను ఆధారపడినది. ఆ శ్రద్ధ ఉన్నచోట ఫలము గొప్పదే. పాఠ్యక్రమముచే నిర్బంధింపబడని విద్య మాత్రము గురువు మారినపుడెల్ల మారుచుండును.

కళాశాల విద్యయు మేళ సంప్రదాయమును కలిసినచో ఎట్టి ఫలము కలుగునో చూపుటకు ఈ సీమకు సమీపముననే ఒక ఉదాహరణ కలదు. నాగస్వర విద్వాంసులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు మేళ కుటుంబములలో పుట్టి పెరిగినవారు. కర్నూలు శారదా సంగీత కళాశాలకు చెందిన కె. చంద్రమౌళి వద్ద వారు కృతులు నేర్చిరి. పిమ్మట ప్రకాశము జిల్లా కరవదిలో జన్మించి శ్రీరంగమున స్థిరపడిన షేక్ చినమౌలానాకు (1924–1999) శిష్యులై, తామును శ్రీరంగమున నిలిచిరి. 2020లో భారత ప్రభుత్వము ఆ యిరువురకు జంటగా పద్మశ్రీ బిరుద మిచ్చినది. ఇద్దరి పేర ఒక్క బిరుదము వచ్చుటయందు ఔచిత్యము కలదు. జంట నాగస్వరమున ఎవరి భాగమెంతయని విడదీసి కొలుచుట సాధ్యము కాదు.

ఇతర దేశముల అనుభవము

పాశ్చాత్య దేశములలో సంగీత విద్యాలయములు చిరకాలము నుండి సమష్టి వాదనమును చదువులో భాగముగ నేర్పుచున్నవి. పారిస్ సంగీత విద్యాలయము 1795లో పుట్టినది. లైప్జిగ్ విద్యాలయమును 1843లో మెండెల్సన్ స్థాపించెను. ఇట్టి విద్యాలయములలో ఫిడేలు నేర్చు విద్యార్థి ఒంటరిగా వాయించుటయే గాక, పెద్ద వాద్యబృందమున కూర్చుండవలెను. నలుగురితో కూడిన చిన్న బృందమునను వాయింపవలెను. హైడన్ (1732–1809) రూపుదిద్దిన తంత్రీ చతుష్టయమున దర్శకుడెవడును ఉండడు. మొదటి ఫిడేలు వాదకుని ఊపిరిని, విల్లు కదలికను చూచి మిగిలిన మువ్వురు ఆరంభింతురు.

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిలిస్ శాఖలో మాంటిల్ హుడ్ అను ఆచార్యుడు, ఒక దేశపు సంగీతమును తెలిసికొనగోరువాడు దానిని తానై వాయించి నేర్వవలెనని వాదించి, జావా దేశపు గమెలాన్ బృందములో విద్యార్థులను కూర్చుండబెట్టెను. ఆ కంచువాద్యముల బృందమున ఏ ఒక్కరును నాయకులుగ వెలుగరు. ఒకరి దెబ్బ మరియొకరి దెబ్బతో కలిసినగాని పాట ఏర్పడదు. వెస్లియన్ విశ్వవిద్యాలయమునకు 1963లో మృదంగ విద్వాంసుడు టి. రంగనాథన్ వెళ్లి పాఠము చెప్పెను. విదేశ విశ్వవిద్యాలయములు కర్ణాటక సంగీతమును కూడ ఈ విధముగ ఆదరించినవి.

భారత దేశమున ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యవృందమును ఏర్పరచినది. ద్రాక్షారామమున జన్మించిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి (1922–1987) తరువాతి కాలమున ఆ వృందమునకు దర్శకత్వము వహించిరి. పలు వాద్యములకు విడివిడి భాగములు కూర్చి, వ్రాసి, అందరిని ఒక త్రాటిపై నడిపించుట అచ్చట అభ్యాసమైనది.

అయినను పాశ్చాత్య పద్ధతిని యథాతథముగ తెచ్చి నాటుట తగదు. అచ్చటి బృందమునకు వ్రాతప్రతి ఆధారము. ముందుగ ఎన్నియో దినముల పూర్వాభ్యాసము జరుగును. కర్ణాటక కచేరిలో మనోధర్మము ఆధారము. గాయకుడును ప్రక్కవాద్యములవారును అనేక పర్యాయములు వేదికపైననే మొదటిసారి కలిసికొందురు. ఈ కారణమున మనవారికి సమష్టి విద్య యక్కరలేదని కొందరు తలచుట కలదు. నిజమునకు దీనివలన అక్కర హెచ్చుచున్నది. వ్రాతప్రతియు, పూర్వాభ్యాసమును లేనిచోట చెవియే దిక్కు. ఆ చెవిని సిద్ధపరచుట చదువుకొను దినములలోనే జరుగవలెను.

తరగతి గదిలో చేయదగినవి

మొదటి సంవత్సరమున గాత్రము, వీణ, మృదంగము అను భేదము లేక ప్రతి విద్యార్థియు వారమునకు కొన్ని గంటలు ఇతరుల సాధనకు తంబుర మీటవలెను, తాళము వేయవలెను. ఇది సేవగా కనబడును గాని చదువే. మేళమునందలి పిల్లవాని మొదటి పాఠమును కళాశాలకు తెచ్చుటయే ఇందలి భావము.

శ్రుతి నిర్ణయము రెండవ పాఠము. పురుషుల గొంతు సామాన్యముగా ఒకటి, రెండు కట్టలయందు నిలుచును. స్త్రీల గొంతు అయిదు కట్టల ప్రాంతమున నిలుచును. ఇరువురును కలిసి పాడునపుడు ఏ శ్రుతి పట్టవలెను? ఎవరు ఎంత తగ్గవలెను? ఈ లెక్క తేల్చుకొనుటలోనే శబ్ద సాదృశ్యమునకు మొదటి మెట్టున్నది.

స్థానముల మార్పిడి మూడవది. మృదంగ విద్యార్థి తాను వాయించు కృతుల సాహిత్యమును నోటితో పాడగలిగి యుండవలెను. మాట ఎచ్చట విరుగునో తెలిసినవానికే ఎచ్చట చేతిని ఆపవలెనో తెలియును. గాత్ర విద్యార్థి జతులను నోట పలుకగలిగి యుండవలెను. అప్పుడు తని ఆవర్తనము జరుగుచుండగా తాళము వేయుచు నిలుచుటకు అతనికి ధైర్యము కలుగును. త్యాగరాజ స్వామి ఘనరాగ పంచరత్నములు ఈ యభ్యాసమునకు మిక్కిలి తగినవి. ఐదును ఆదితాళములో నున్నవి, స్వరసాహిత్యములతో కూడినవి. వాద్యములవారు స్వరము, గాయకులు సాహిత్యము వంతులవారిగ అందుకొనవచ్చును. పుష్య బహుళ పంచమినాడు ఊరూర పలువురు కలిసి పాడు ఆచారమును ఇప్పటికే యున్నది.

నాల్గవది తెంపు సాధన. నలుగురు వాయించుచుండగా గురువు సైగ చేసినంతనే ఒకరు ఆగిపోవలెను. మిగిలిన మువ్వురు తాళము చెడకుండ, పాట తెగకుండ నడుపవలెను. ఆగినవాడు మరల చోటు చూచుకొని చేరవలెను. మిథస్త్రుటిత నిర్వాహమును ఉపన్యాసమువలన నేర్పలేము; ఇట్టి సాధనవలన నేర్పవచ్చును.

కడపటిది పరీక్ష. విద్యార్థికి విడిగా ఇచ్చు అంకెలతోబాటు, నలుగురిని కూర్చుండబెట్టి ఆ కూటమికి కొన్ని అంకెలు ఈయవలెను. ఫిడేలు విద్యార్థికి తెలియని గాయకుని ముందుంచి, పూర్వాభ్యాసము లేకుండ ప్రక్కవాద్యము వాయింపుమనవలెను.

ఈ యేర్పాటుపై ఆక్షేపణలు లేకపోలేదు. కూడి పాడుటవలన మనోధర్మము మొద్దుబారునని ఒక వాదము. తోడి గాంధారమువంటి కంపిత స్వరము ముప్పదిమంది గొంతులలో మసకబారుననుట నిజమే. అందువలననే కూటమి నలుగురికో, ఎనిమిదిమందికో పరిమితము కావలెను. మించినదానికి శార్ఙ్గదేవుడు పెట్టిన పేరు తెలిసినదే. ఒకని తప్పునకు నలుగురి అంకెలు తగ్గుట న్యాయమా అని రెండవ వాదము. ఇది బలమైన వాదము. కాబట్టి విడి అంకెలను తీసివేయరాదు. కూటమి అంకెలు వానికి తోడుగ నుండవలెను. వేదికపై మాత్రము ఒకని తప్పు నలుగురిదిగనే వినబడునని విద్యార్థి మరువరాదు.

నేర్పువారెవరను ప్రశ్న అన్నింటికంటె కఠినమైనది. ఊపిరి యందుకొనుటయు, తెంపు కనబడనీయక నడుపుటయు బాగుగ తెలిసినవారు మేళములలో వృద్ధులై యున్నారు. వారిలో పలువురకు పట్టములు లేవు; పట్టము లేనివారు విశ్వవిద్యాలయపు తరగతిలో అడుగిడు త్రోవ ఇరుకైనది. వారి పిల్లలు ఇతర వృత్తులకు పోవుచున్నారు. ఏడాదికి కొన్ని వారములైనను అట్టివారిని గౌరవ వేతనమిచ్చి పిలిచి, విద్యార్థుల నడుమ కూర్చుండబెట్టుట తక్షణ కర్తవ్యము. ఆళ్లగడ్డ శిల్పశాలలలో పెద్దవాని ఉలి చూచి చిన్నవాడు ఉలి పట్టుట నేర్చును. చూచుటకు పెద్దవాడే లేనినాడు ఏ గ్రంథమును ఆ లోటు తీర్చదు.

విశ్వవిద్యాలయము కదలువరకు వేచి యుండనక్కరలేదు. నంద్యాలలోను, ఆళ్లగడ్డలోను ప్రతి పాఠశాల యందును ఉదయము ప్రార్థనగీతము జరుగును. పలుచోట్ల అది ఎవరి గొంతు వారు పెంచి పాడు కోలాహలమే. ఉపాధ్యాయుడు వారమునకొక దినము నలుగురు పిల్లలను మాత్రము ముందు నిలిపి, ఒకరిని శ్రుతికి, ఒకరిని తాళమునకు, ఇద్దరిని పాటకు నియమించి, మరుసటి వారము వారి స్థానములు మార్చినచో చాలును. దీనికి వాద్యము కొననక్కరలేదు, ఉత్తరువు రానక్కరలేదు. పాట ముగిసిన పిదప బాగుగ పాడితివాయని పిల్లవానిని అడుగుట వాడుక. దానికి ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: నీ ప్రక్కవాని గొంతు నీకు వినబడినదా?